జీపుకు గాలి పట్టింది: ఫోర్‌వీల్ బండ్ల కంపెనీలకు ఒక బహిరంగ లేఖ

ఫోర్‌వీల్ డ్రైవ్ బండ్లు తయారుచేసే కంపెనీల పెద్దలకు, ముఖ్యంగా స్పేర్ పార్టులూ సర్వీసూ చూసేవారికి నమస్కారం.

నేను పాడేరు ఏజెన్సీలో ముప్పై ఏళ్లు బడిపంతులుగా చేసి రిటైరయ్యాను. మూడెకరాల కాఫీ తోట ఉంది. సిల్వర్ ఓక్ చెట్లకు పాకించిన మిరియాల పాదులున్నాయి. 1998 మోడల్ డీజిల్ జీపు ఒకటి ఉంది. అది ఏ కంపెనీదో రాయను. మీలో ఒకరిదే. పేరు రాస్తే మిగతావాళ్లు 'మన గొడవ కాదులే' అని ఉత్తరం మడిచి పక్కన పడేస్తారు.

పోయిన వానాకాలంలో, జూన్‌కూ అక్టోబరుకూ మధ్య, ఆ జీపు ఐదుసార్లు నన్ను దారిలో దించేసింది. రెండుసార్లు ట్రాక్టరు కట్టి లాక్కొచ్చాం. "మేష్టారు బండిని తెస్తన్నారా, బండి మేష్టార్ని తెస్తందా" అని ఊళ్లో పిల్లలు నవ్వారు. వాళ్లలో సగం మందికి ఎక్కాలు నేర్పింది నేనే.

అమ్మేయొచ్చు కదా అని అందరూ అంటారు. మా ఊరికి తారురోడ్డు దిగాక నాలుగు కిలోమీటర్లు మట్టిదారి, మధ్యలో ఒక గెడ్డ, అంటే వాగు. 108 అంబులెన్సు గెడ్డకు అవతలే ఆగుతుంది. జీపు లేని రోజుల్లో జబ్బుపడ్డవాళ్లను డోలీ కట్టి మోసేవాళ్లం. కొత్త ఫోర్‌వీల్ బండి కొనాలంటే పది లక్షలు దాటిన మాటే, నా రిటైర్మెంటు డబ్బంతా దానికే పోస్తే చాలదు. అందుకని అమ్మను. అమ్మినా కొనేవాడు తుక్కు లెక్కనే కొంటాడు.

మొదటి జబ్బు జూన్‌లో మొదలైంది. తెల్లారి సెల్ఫ్ కొడితే ఇంజను తిరుగుతుంది, అంటుకోదు. పది పన్నెండుసార్లు కొట్టాక దగ్గి లేస్తుంది. దారిలో ఎత్తు వచ్చినప్పుడు గుక్క తిప్పుకోలేక ఆగిపోతుంది. మొదటి మెకానిక్ డీజిల్ ఫిల్టరు మార్చాడు. వారం బాగుంది. రెండో మెకానిక్ 'పంపు పోయింది మేష్టారూ' అని డీజిల్ పంపూ, ఇంజనులోకి డీజిల్ చిమ్మే నాజిల్సూ విప్పించి విశాఖపట్నం పంపించాడు. మనుషుల ఖర్చుతో కలిపి పద్నాలుగు వేలు. పంపు తిరిగొచ్చిన నాలుగో రోజున మళ్లీ అదే దగ్గు.

ఆ నెలాఖరులో ఒక రాత్రి పక్కింటి కోడలికి నొప్పులు మొదలయ్యాయి. వాన. గెడ్డ దాటాక ఉన్న ఎత్తులో జీపు ఆగింది. నేను టార్చి నోట్లో కరచుకుని బానెట్ కింద హ్యాండ్ పంపు కొట్టాను, ఎన్నిసార్లో లెక్కపెట్టలేదు. వెనక ఆ పిల్ల అత్తగారు "నాయనా, బండికి దిష్టి తీయించలేదా" అని ఏడుస్తోంది. బండి లేచింది. పాడేరు ఆస్పత్రికి చేరాం, తెల్లారేసరికి ఆడపిల్ల పుట్టింది, ఇద్దరూ బాగున్నారు. నాకు మాత్రం ఆ రాత్రి నుంచి ఆ జీపు ఎక్కాలంటే టెన్షన్ పట్టుకుంది.

మూడోసారి ఒక పెద్దాయన షెడ్డుకు తీసుకెళ్లాను. ఆయనకు డెబ్బై దాటాయి. చూపు ఆనదు, చెవి మాత్రం పాము చెవి. పానా పట్టుకోకముందే ఐదు నిమిషాలు ఇంజను విన్నాడు. "మేష్టారూ, దీనికి వయసేటి కాదు, గాలట్టింది" అన్నాడు. గాలి పట్టిందంటే మా దగ్గర వేరే అర్థముంది, భూతవైద్యుణ్ని పిలుస్తారు. ఆయన మాత్రం తాపీ మేస్త్రీలు లెవెల్ చూసుకునే ట్యూబు ముక్క ఒకటి తెచ్చి, ట్యాంకు నుంచి వచ్చే డీజిల్ పైపుకూ, డీజిల్‌ను లాగి ఇంజను వైపు పంపే ఫీడ్ పంపుకూ మధ్య బిగించి, ఇంజను స్టార్టు చేసి చూడమన్నాడు. ట్యూబులో డీజిల్‌తో పాటు బుడగలు వరస కట్టి వస్తున్నాయి, సోడా సీసాలో లాగా.

సంగతి ఇది. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా డీజిల్‌ను పంపు లాక్కుంటుంది. లాగే వైపున రబ్బరు పైపు వెంట్రుకవాసి చిట్లితే డీజిల్ బయటికి కారదు, బయటి గాలే లోపలికి పోతుంది. కింద చుక్క కూడా పడదు. అందుకే ఇద్దరు మెకానిక్‌లు కింద దూరి చూసి 'లీకేజీ లేదు' అన్నారు. రాత్రంతా నిలబెడితే పైపులో గాలి చేరి డీజిల్ వెనక్కి జారుతుంది, తెల్లారి సెల్ఫ్ ఎంత కొట్టినా పంపుకు అందేది గాలే. కొత్త హోస్ పైపూ రెండు క్లిప్పులూ కలిపి నూట ఎనభై రూపాయలు. పద్నాలుగు వేల పంపు పని దండగ.

ఈ పెద్దాయనకు ఈ విద్య ఎలా వచ్చిందో అడిగాను. పెట్టెలోంచి ఒక పుస్తకం తీశాడు. మా మోడల్ జీపుకు కంపెనీ వేసిన రిపేరు పుస్తకం, దానికి జెరాక్సు, ఆ జెరాక్సుకు మళ్లీ జెరాక్సు. ఎప్పుడో ఒక సర్కారు జీపుతో వచ్చిన అసలు ప్రతి నుంచి తీయించుకున్నాడట. బొమ్మలు మసిబారాయి. ఇంగ్లీషు ఆయనకు రాదు, బొమ్మలూ అంకెలూ చదువుకుంటాడు. ఫ్రంట్ యాక్సిల్, అంటే ముందు ఇరుసు, అధ్యాయం ఎలుకలు కొట్టేశాయి. పాడేరు నుంచి చింతపల్లి దాకా ఈ మోడల్ జీపులు నడిపే వాళ్లందరికీ ఆ పుస్తకమే ఆసుపత్రి.

ఈ ఉత్తరం రాయడానికి కారణం ఆ పుస్తకమే. మిగతా జబ్బులు కూడా చెబుతాను, ఎక్కడికి వస్తున్నానో మీకే తెలుస్తుంది.

జూలైలో ఘాట్ మీద వేడెక్కడం మొదలుపెట్టింది. గరికబంద దాటి నాలుగు మలుపులు ఎక్కేసరికి ఇంజను వేడి చూపే ముల్లు ఎర్రగీత మీద. అమ్మవారి పాదాల దగ్గర ఆపి కొబ్బరికాయ కొట్టడం మా ఆనవాయితీ. ఆ నెలలో కొబ్బరికాయతో పాటు రెండు క్యాన్ల నీళ్లు కూడా తీసుకెళ్లాను, అవి రేడియేటరుకు. ఒకాయన థర్మోస్టాట్ పీకేశాడు, ఇంజను వేడిని బట్టి నీళ్లను రేడియేటరుకు వదిలే మూత అది. 'అది ఉంటేనే బండి వేడెక్కుతుంది' అనేది మన వైపు మెకానిక్‌లలో పాతుకుపోయిన నమ్మకం. కొన్ని ఇంజన్లలో అది తీసేస్తే వేడినీళ్లు రేడియేటరు దాకా పోకుండా అడ్డదారిన ఇంజనులోకే తిరిగొస్తాయి. తగ్గాల్సిన వేడి పెరుగుతుంది. లంబసింగి చలిలోనేమో ఇంజను అసలు వేడెక్కదు, డీజిల్ తాగుతుంది. పెద్దాయన థర్మోస్టాట్ తిరిగి పెట్టించి, పుస్తకంలో రేడియేటరు బొమ్మ తీసి నాకు చూపించాడు. బొమ్మలో ఫ్యాన్ చుట్టూ గుండ్రంగా ఒక రేకు ఉంది. నా బండికి లేదు. ఎన్నేళ్ల కిందటో ఇంజను దించినప్పుడు ఎవరో విప్పి, తిరిగి బిగించడం మరచిపోయారు. ఆ రేకు లేకపోతే ఫ్యాను రేడియేటరులోంచి గాలిని లాగకుండా తన చుట్టూ ఉన్న గాలినే చిలుకుతూ ఉంటుంది. నా బండికి అలాంటి రేకొకటి ఉండాలని ఇన్నేళ్లూ నాకు తెలియదు. లేని పార్టు పాడైందని ఎవరు చెబుతారు? టింకరింగ్ షెడ్డులో కొలతలిచ్చి చేయించాం. అప్పటినుంచి ముల్లు సగం దాటలేదు.

ఆగస్టులో జరిగింది మా తప్పే, దాచను. మా మేనల్లుడు వాన పడుతోంది కదా, పట్టు ఉంటుందని తారురోడ్డు మీద, ఘాట్ మలుపుల్లో, ఫోర్‌వీల్ వేసి, అంటే నాలుగు చక్రాలనూ ఇంజనే తిప్పేలా పెట్టి, నడిపాడు. మలుపులో ముందు చక్రాలు తిరిగే దూరం వేరు, వెనకవి తిరిగే దూరం వేరు. బురదలో అయితే టైరు జారి ఆ తేడా సర్దుకుంటుంది. తారు మీద సర్దుకోదు, ఆ మెలి అంతా షాఫ్టుల మీద పడుతుంది. పైగా వెనక రెండు టైర్లు కొత్తవి, ముందువి నున్నగా అరిగినవి. ఎత్తులో తేడా ఉన్న టైర్లతో ఫోర్‌వీల్ వేయడమంటే రెండు ఎడ్లను వేర్వేరు నడకల్లో ఒకే కాడికి కట్టడమే. ఇంజను బలాన్ని ముందు ఇరుసుకు మోసే ప్రొపెల్లర్ షాఫ్టుకు కీలులా ఉండే క్రాస్ విరిగి షాఫ్టు రోడ్డు మీద పడింది. దేవుడి దయవల్ల లోయ వైపు కాదు.

మీ సంగతి ఆ తర్వాత వస్తుంది. కొత్త క్రాస్ కొన్నాం. 'ఈ మోడల్‌కు ఇదే' అన్నాడు దుకాణం అతను. మూడు వారాల్లో కప్పులు వదులైపోయాయి. విశాఖ వెళ్లి షోరూంలో అడిగితే అక్కడి అబ్బాయి మర్యాదగానే కూర్చోబెట్టాడు. కంప్యూటరులో చాసిస్ నంబరు కొట్టి, "రావట్లేదు సార్, పాత మోడల్ కదా" అన్నాడు. టీ ఇచ్చాడు. ఎక్స్‌ఛేంజి ఆఫరు కాగితం కూడా ఇచ్చాడు. చివరికి గాజువాక ఆటోనగర్‌లో తలపండిన దుకాణదారు ఒకాయన నా విరిగిన క్రాస్ చేతిలో తిప్పిచూసి, "ఈ బండికి క్రాసులు రెండు సైజుల్లో వచ్చాయి మేష్టారూ, నడిమధ్యలో మార్చారు, నీది మార్చకముందుది" అని రెండు మిల్లీమీటర్ల తేడా కొలిచి చూపించాడు. మార్చినవాళ్లు మీరు. ఏ చాసిస్ నంబరు దాకా ఏ సైజో రాసిన జాబితా మీ దగ్గర ఉండి తీరుతుంది. ఆ జాబితా ఆటోనగర్ దుకాణదారు బుర్రలో ఉంది, మీ కంప్యూటరులో లేదు.

సెప్టెంబరు కథ చిన్నది. లైట్లు మిణుకుమన్నాయి, బ్యాటరీ మార్చాం, కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ చుట్టించాం, తగ్గలేదు. సెల్ఫ్ కొట్టినప్పుడు యాక్సిలరేటర్ కేబుల్ చెయ్యి కాలేంత వేడెక్కుతోందని మేనల్లుడు గమనించాడు. ఇంజనుకూ చాసిస్‌కూ మధ్య ఉండే ఎర్తింగ్ పట్టీ తుప్పు తిని తెగిపోయింది. కరెంటు ఇంకో దారి వెతుక్కుని ఆ సన్నటి కేబుల్ గుండా పోతోంది. ఇంకొన్నాళ్లు పోతే తగలబడేదే. పట్టీ ఖరీదు రెండు టీలంత. పాత బండి ఉన్నవాళ్లు ఈ ఒక్క పట్టీ ఇవాళే చూసుకోండి, ఈ లేఖ కంపెనీలకే అయినా మీకూ పనికొస్తుంది.

ఐదోది ఇంకా తీరలేదు. దాని దగ్గరికి వస్తాను.

ముందు మీరు చెప్పబోయే జవాబు నేనే చెప్పేస్తాను. పాత డీజిల్ బండ్లు పొగ వదులుతాయి, వాటిని తుక్కుకు పంపాలి, ప్రభుత్వ విధానం కూడా అదే అంటారు. పొగ విషయంలో తలదించుకుంటాను. ఎయిర్ బ్యాగు లేదు, వెనక సీటు బెల్టు కూడా లేదు, ఒప్పుకుంటాను. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ బండి మీద ఆంక్షలు ఎందుకొచ్చాయో కూడా తెలుసు. కానీ 2021లో వచ్చిన తుక్కు విధానం సొంత బండి వయసు దాటగానే చంపెయ్యమనడం లేదు. పదిహేనేళ్లు నిండాక ఐదేళ్లకోసారి ఫిట్‌నెస్ చూపించి రిజిస్ట్రేషన్ పొడిగించుకోమంటోంది. నేను 2013లో, 2018లో, 2023లో పొడిగించుకున్నాను. 2022లో ఈ రుసుము ఆరు వందల నుంచి ఐదు వేలయింది. 2025లో ఇరవై ఏళ్లు దాటిన కార్లూ జీపులకు పదివేలు చేశారు. ఖరీదే. అయినా సర్కారు డబ్బు పుచ్చుకుని 'ఇంకో ఐదేళ్లు నడుపుకో' అంటోంది. ఫిట్‌నెస్‌లో పాసవ్వడానికి కావలసిన రబ్బరు ముక్క దగ్గర మీరు తలుపు వేస్తున్నారు. పొగ తగ్గాలన్నా నాజిల్ ఎంత ప్రెషరులో తెరుచుకోవాలో తెలియాలి కదా? ఆ అంకె కూడా ఆ పుస్తకంలోనే ఉంటుంది.

జీపు అనే బండి పుట్టింది రెండో ప్రపంచయుద్ధంలో. విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు కలిసి ఆరు లక్షలకు పైగా తయారుచేశాయి, ఒకరి బండి పార్టు ఇంకొకరి బండికి పట్టేలా. బురదలో, తుపాకీ గుళ్ల వానలో, మెకానిక్ కాని సిపాయి కూడా బాగుచేసుకోవాలి కనుక 1944లో అమెరికా సైన్యం దానికో పుస్తకం అచ్చు వేసింది. పేరు టీఎం 9-803. ఏ నట్టు ఎంత బిగించాలో, ఏ శబ్దం వస్తే ఎక్కడ వెతకాలో అన్నీ అందులో ఉన్నాయి. ఎనభై ఏళ్ల నాటి ఆ పుస్తకం మా మేనల్లుడు సెల్‌ఫోనులో ఉచితంగా దింపి నాకు చూపించాడు. 1998 నాటి నా జీపు పుస్తకం మాత్రం నాకు ఎక్కడా దొరకలేదు, ఎలుకలు తిన్న ఒక్క జెరాక్సు తప్ప.

ఇది నా ఒక్కడి గొణుగుడు కాదు. 2014 ఆగస్టులో వ్యాపారంలో పోటీ సరిగా సాగేలా చూసే కాంపిటిషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీల మీద రూ.2,544 కోట్ల జరిమానా వేసింది. అసలు పార్టులూ, రిపేరు సమాచారమూ, పనిముట్లూ బయటి మెకానిక్‌లకు అందకుండా చేశారన్నదే అభియోగం. కేసు అప్పీళ్లకు వెళ్లింది, అది వకీళ్ల పని. 2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రైట్ టు రిపేర్, అంటే బాగుచేసుకునే హక్కు, అని ఒక పోర్టల్ తెరిచింది. సెల్‌ఫోన్లు, ఫ్రిజ్జులు, వ్యవసాయ పరికరాలతో పాటు వాహనాలూ అందులో ఉన్నాయి. సంతోషించాను. నా బండి కంపెనీ పేజీలో నాకు దొరికింది కస్టమర్ కేర్ నంబరు. ఆ నంబరుకు అప్పటికే మూడుసార్లు చేసి ఉన్నాను.

నేనడిగేది దానం కాదు. మానేసిన మోడళ్ల రిపేరు పుస్తకాలూ పార్టుల జాబితాలూ మీ గోడౌన్లలో బూజు పడుతున్నాయి. వాటిని స్కాన్ చేసి ఎవరైనా దింపుకునేలా పెట్టండి. ఆ మోడల్ ఇక అమ్మడం లేదు కనుక దాచుకోవలసిన వ్యాపార రహస్యం కూడా లేదు. ఏ పార్టు నంబరు మారి ఏదైందో ఆ జాబితా పెట్టండి. సీళ్లు, హోస్ పైపులు, బుష్‌లు, డయాఫ్రమ్‌ల వంటి రబ్బరు సామాను మీరు చేయలేకపోతే కొలతలైనా బయటపెట్టండి, చేసేవాళ్లు ఆటోనగర్‌లలో ఉన్నారు. లేత్ మిషన్ మీద ఇనుము ఏదైనా తిప్పి చేయిస్తాం. రబ్బరును లేత్ మీద తిప్పలేం. పాత బండి చాలాసార్లు ఆగేది రబ్బరు దగ్గరే. ఛాసిస్ విరిగి ఆగిన జీపును నేను నా జన్మలో ఒక్కదాన్నే చూశాను, అది కూడా ధాన్యం ఓవర్‌లోడు.

మా మెకానిక్‌ల తప్పు లేదనను. అంచనా మీద పార్టులు మార్చడం, ఏది దొరికితే అది బిగించడం, విప్పిన రేకు మరచిపోవడం చూశాను, పైన రాశాను కూడా. కానీ పుస్తకం లేకుండా పరీక్ష పెట్టి, ఫెయిలయ్యాడని పిల్లవాణ్ని కొట్టే పంతుల్ని నేను ఎప్పుడూ మెచ్చుకోలేదు.

ఇక ఐదో జబ్బు. అక్టోబరు మొదట్లో ముందు చక్రం దగ్గర గురగురమని శబ్దం. విప్పితే యాక్సిల్ ఆయిలు తెల్లగా, పాలు ఎక్కువైన కాఫీలా ఉంది. కాఫీ పండించేవాణ్ని, రంగు చూసి చెప్పగలను. నీళ్లు కలిశాయి. యాక్సిల్ మీద బ్రీదర్ అని చిటికెనవేలు కొనంత మూత ఉంటుంది. లోపల వేడెక్కి ఉబ్బిన గాలి పోవడానికీ, చల్లారినప్పుడు రావడానికీ అదే ముక్కు. అది బురదతో బిగుసుకుపోయింది. ఎత్తు దిగి కాలిపోతున్న యాక్సిల్ గెడ్డనీళ్లలో మునగగానే లోపలి గాలి ముడుచుకుంటుంది, ముక్కు మూసుకుపోయింది కనుక సీలు అంచుల నుంచి నీళ్లనే పీల్చుకుంటుంది. ఏళ్ల తరబడి గెడ్డ దాటాను, ఆ మూత ఒకటుందని తెలియదు. ఇప్పుడు దానికి పొడుగాటి ట్యూబు తగిలించి పైకి, బానెట్ దాకా తెచ్చుకున్నాం. బేరింగులు కొత్తవి వేశాం, అవి ప్రపంచమంతా ఒకే నంబరు మీద దొరుకుతాయి.

దొరకనిది ముందు హబ్, అంటే చక్రం బిగించే మధ్యభాగం, లోపలి ఆయిల్ సీలు, ఆయిలు కారకుండా ఆపే రబ్బరు వలయం. పాత సీలు మీద నంబరు తుప్పులో చెరిగింది. అయినా అది అసలుది కాదు, ఎవరో దొరికింది బిగించారు. దాని పెదవి రాసుకుని రాసుకుని షాఫ్టు మీద గాడి పడింది, కాలిపర్‌తో ఎన్నిసార్లు కొలిచినా కొలతకో అంకె వస్తోంది. దుకాణాల్లో మూడు రకాలు తెచ్చాం. ఒకటి వదులు, ఒకటి దూరదు, మూడోది దూరింది, పది రోజుల్లో కారింది. కొలత ఉన్న పేజీ ఫ్రంట్ యాక్సిల్ అధ్యాయంలో ఉండాలి. ఆ అధ్యాయమే ఎలుకలు తిన్నది.

ప్రస్తుతం ముందు షాఫ్టు విప్పి ఇంట్లో పెట్టి, వెనక చక్రాల మీదే నడుపుతున్నాం. గెడ్డలో నీరు మోకాలి కిందకు తగ్గితేనే దాటుతున్నాం. నవంబరు చివర్లో కాఫీ పళ్లు ఎర్రబడతాయి, బస్తాలు కిందికి దించాలి. పక్కింట్లో ఇంకో కోడలికి డిసెంబరులో నెలలు నిండుతాయి.

లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం. మూడు అంకెలు. మీ ఆఫీసులో ఎవరైనా బీరువా తెరిచి ఆ పేజీ చూసి చెప్పండి.

ఇట్లు,
పాడేరు ఏజెన్సీలో ఒక రిటైర్డ్ మేష్టారు